పరాయి బస్తాలోంచి కొసరు

నా అంత గొప్ప బేరగత్తె ఈ హైటెక్ సిటీ మొత్తంలో ఇంకొకరు లేరని ఒక మధ్యాహ్నం పూట, ఒక ప్రభుత్వ కార్యాలయం మెట్లు దిగుతూ అనుకున్నాను. అడిగినవాళ్లకి ఎవరైనా ఇస్తారు. నేను అడగనివాళ్లకి ఇచ్చాను. అదీ నాది కానిది ఇచ్చాను. ఇచ్చి, తీసుకున్నాయన చేత కృతజ్ఞతలు చెప్పించుకున్నాను, మా సంఘం చేత చప్పట్లు కొట్టించుకున్నాను, ఆ పూట వాళ్లు పెట్టిన బిర్యానీ కడుపునిండా తిన్నాను. అరగలేదని చెబితే మీరు కొంచెం జాలిపడతారేమో గాని, శుభ్రంగా అరిగింది.

అరగనిది ఆ తర్వాత వారం నుంచి మొదలైంది. ఇప్పటికి ఏడేళ్లు.

బరువు, బరువు అంటారు. కొట్లో పుట్టినదాన్ని, బరువంటే నాకు తెలుసు. యాభై కిలోల బస్తా వీపు మీదకి ఎక్కించుకోవడం ఒంటరిగా ఎలాగోలా అవుతుంది. దింపుకోవడానికి మాత్రం ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. నేను ఎవరినీ చెయ్యి వెయ్యమనలేదు. అడిగితే ముందు అందులో ఏముందో చెప్పాలి కదా. మా ఆయనకి చెప్పలేదు. మా చెల్లికి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఎందుకు మీకే? ఆ సంగతికి చివర్లో వస్తాను. ఇప్పుడే చెబితే మీరు లేచిపోతారు.

మా నాన్నది గుంటూరు వైపు ఒక చిన్న ఊళ్లో కిరాణా కొట్టు. బడి నుంచి రాగానే గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని. ఆడపిల్లని కొట్లో కూర్చోబెడతావేంటని చుట్టాలు అంటే, "దాని నోటి ముందు మీరు ఒక్క సబ్బుబిళ్ల గీసి కొనండి చూద్దాం" అనేవాడు నాన్న. ఆ మాటకి పొంగిపోయేదాన్ని. ఇప్పటికీ కొంచెం పొంగుతాను, సిగ్గు లేకుండా.

నాన్న దగ్గర నేర్చుకున్న విద్యల్లో మొదటిది కొసరు. తూకం సరిపోయాక, పొట్లం కట్టబోయే ముందు, ఇంకో గుప్పెడు వెయ్యడం. అడిగాక వేస్తే అది కొసరు కాదు, గీసులాటలో ఓడిపోవడం. అడగకముందే వెయ్యాలి. కొనేవాడి చూపు ఏ డబ్బా మీద ఆగిందో కనిపెట్టి, దాంట్లోంచి వెయ్యాలి. బెల్లం కొన్న ముసలమ్మ వేరుశెనగ బస్తా వైపు చూసిందంటే, నాలుగు పలుకులు ఆమె కొంగులో పడాల్సిందే. ఆ ముసలమ్మ చచ్చేదాకా ఇంకో కొట్టు మెట్లు ఎక్కదు. ఈ విద్య నాకు నడక కన్నా ముందు వచ్చింది.

నేను పెద్దయ్యాక ఎంబీయే చదివి, గచ్చిబౌలిలో ఒక కంపెనీలో కుర్చీలూ కంప్యూటర్లూ కొనే విభాగంలో చేరాను. నాలుగేళ్లు అమ్మేవాళ్ల రక్తం పీల్చాను. ఆ పేరు విని ఒక సంఘం వాళ్లు కబురు పెట్టారు. పైపు పొగాకు దిగుమతి చేసుకుని అమ్మే వర్తకుల సంఘం. సంఘం అసలు పేరు రాయను. అయినా ఆ పేరు పట్టే బోర్డు వాళ్ల ఆఫీసు గోడకే లేదు. ఉన్నది ఆరుగురు సభ్యులు. రాయదుర్గంలో ఒక అద్దాల మేడ, నాలుగో అంతస్తు, పది సంస్థలు కలిసి కిరాయికి తీసుకున్న హాల్లో ఒక మూల. నన్ను కార్యదర్శిని చేశారు. పని ఏమిటంటే, ఆఫీసుల చుట్టూ తిరిగి, కొత్త రూలు ఏది వచ్చినా అది పైపు పొగాకుకి తగలకుండా చూడటం.

ఈ నగరంలో పైపు తాగేవాళ్లు ఎవరని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. క్లబ్బుల్లో కూర్చునే రిటైరైన పెద్దమనుషులు కొందరు. నలభై దాటి, పై పదవులకి ఎక్కి, సిగరెట్టు మరీ చవకబారుగా ఉందని అనిపించిన ఐటీ బాబులు కొందరు. వాళ్ల కోసం మా సభ్యుల షోరూముల్లో ఒక చెక్క కౌంటరు, వరసగా గాజు జాడీలు, ఇత్తడి త్రాసు. ఏ జాడీలోది ఎంత కలపాలో కొనేవాడు చెబుతాడు, వీళ్లు తూచి కలిపి ఇస్తారు. మొదటిసారి చూసినప్పుడు నవ్వొచ్చింది. జీలకర్ర బదులు పొగాకు, మా నాన్న బదులు టై కట్టుకున్న మనిషి.

పొగాకు మంచిదని నేనెప్పుడూ నమ్మలేదు, నమ్మినట్టు నటించనూలేదు. నాన్న కొట్లో తాతలకి చుట్టలు అమ్మాం, ఆ చుట్టలు తాగి దగ్గితే పటికబెల్లమూ మేమే అమ్మాం. కానీ నేను ఇక్కడ ఒప్పుకోబోయేది పొగాకు పాపం కాదు. ఆ వరసలో నాకన్నా ముందు చాలామంది నిలబడి ఉన్నారు. నాది చిన్నది. చిన్నదే, పూర్తిగా నాది.

ఆ ఏడాది ఒక ముసాయిదా వచ్చింది. ఐటీ కారిడార్ పరిధిలో పొగాకు ఏదీ విడిగా అమ్మకూడదు. ప్యాకెట్టు విప్పి ఒక్కో సిగరెట్టు అమ్మకూడదు, తూచి పొట్లం కట్టి అమ్మకూడదు. అంటే రోడ్డు పక్క పాన్ డబ్బాలకీ దెబ్బే, మా గాజు జాడీలకీ దెబ్బే. అభ్యంతరాలు ఉంటే చెప్పుకోమన్నారు. మా అధ్యక్షుడు నోట్లోంచి పైపు తీసి, "మన గోడు ఎవరు వింటారమ్మా" అన్నాడు. ఆయన చేతి గడియారం అమ్మితే ఒక డబ్బా కాదు, పది డబ్బాలు వస్తాయి. ఆరుగురు సూట్లవాళ్ల గోడు ఎవరూ వినరు. ఆ మాత్రం నాకు తెలుసు. ముందు వరసలో పేదవాళ్లు ఉండాలి. అప్పుడు గుర్తొచ్చింది అంజమ్మ.

మా మేడ వెనక ప్రహరీ గోడనానుకుని అంజమ్మ డబ్బా ఉండేది. నీలం రేకు డబ్బా. చాయ్, బిస్కెట్లు, సిగరెట్లు, పాన్. అంజమ్మది పాలమూరు వైపు. మొగుడు మల్లేశం ఆ మేడ కట్టేటప్పుడే పరంజా మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. లేవలేడు, నడవలేడు. కూర్చోగలడు. కూర్చుని చెయ్యగలిగే పని ఒక్కటే దొరికింది, ఆ డబ్బాలో కూర్చోవడం. పొద్దున ఆమె అతన్ని ఎత్తి లోపల కూర్చోబెట్టేది, రాత్రి ఎత్తి దింపేది. మధ్యలో అతను చిల్లర ఇస్తూ, వచ్చేపోయేవాళ్ల మీద జోకులు వేస్తూ, మనిషిలా ఉండేవాడు. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు అంత చూడలేదు. చాయ్ తాగి వచ్చేదాన్ని.

నేను అర్జీ రాసి తీసుకెళ్లాను. విడిగా అమ్మడం ఆపితే మా కుటుంబాలు వీధిన పడతాయి, దయచేసి ఆ నిబంధన తీసెయ్యండి, ఇట్లు చిరువర్తకులం. మొదటి పేజీ నిండా అదే. దాని కింద సంతకాల కోసం మూడు విడి కాగితాలు. పేరు, డబ్బా ఉన్న చోటు, సంతకం, మూడు గడులు. ఆ మూడు కాగితాల మీద ఇంకేమీ రాయలేదు. అప్పుడు నా మనసులో దురుద్దేశం లేదు. లేదా? ఈ ప్రశ్న దగ్గర ఏడేళ్లుగా ఆగిపోతున్నాను. లేదనే నా నమ్మకం. కానీ కొట్లో పెరిగినవాళ్లు కాగితం మీద ఖాళీ ఊరికే వదలరు.

అర్జీ చదివి వినిపించాను. అంజమ్మ చెంగుతో చేతులు తుడుచుకుంటూ విన్నది.

"మల్ల డబ్బాలు ఈడనే ఉంటయి గదా బిడ్డా?" అంది.

"దానికోసమే కదా ఇది" అన్నాను.

"అయితే పెడ్త. ఏలిముద్ర గాదు, సంతకమే పెడ్త. పొదుపు సంఘంల నేర్పిండ్రు." మల్లేశం లోపలి నుంచి, "ఇగ చూడు మేడం, పొద్దుగూకుతది" అన్నాడు. "నువ్వు నోరు మూస్కో" అని, నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం కొలిచినట్టు రాసింది. గడి దాటి పక్క గడిలోకి వచ్చింది.

మిగతా సంతకాలూ తనే తెస్తానంది. "నువ్వు పోతే భయపడ్తరు బిడ్డా. మెడల పట్టీ గిట్ల ఏస్కొని వస్తే సర్కారోళ్లనుకుంటరు. నేనడుగుతె పెడ్తరు." మూడు రోజులు తిరిగింది. ముప్ఫై ఎనిమిది డబ్బాల వాళ్లు పెట్టారు. ఆమె మాట మీద పెట్టారు, నా మాట మీద కాదు.

తర్వాత వారం విచారణకి పిలిచారు. ఆ అధికారి చెడ్డాయన కాదు. నా ఫైలు తిరగేసి, నా వైపు చూసి నవ్వాడు. "పైపు తాగేవాళ్లు ఎంతమంది ఉంటారమ్మా ఈ ఊళ్లో? దీనికి ఇంత కాగితమా? పైపు పొగాకుని తీసేద్దాం, మినహాయింపు రాసుకోండి" అని గుమాస్తాతో చెప్పాడు. అంతే. అయిపోయింది. నేను తెచ్చిన వాదనలన్నీ, డబ్బాల వాళ్ల అర్జీతో సహా, సంచిలోనే ఉండిపోయాయి. తూకం సరిపోయింది, పొట్లం కట్టేస్తున్నారు.

అంజమ్మా వాళ్ల సంగతి అప్పుడు అడగాలి. నోరు తెరిచాను కూడా. ఆయన పెన్ను మూత పెడుతూ కిటికీ వైపు చూశాడు. కిందంతా ట్రాఫిక్కు, గోడ వెంట డబ్బాల వరస. "అసలు తలనొప్పి ఇవి" అన్నాడు, నాతో కాదు, తనలో తాను. "విడిగా అమ్మకండంటే వింటారా? తీసేద్దామంటే కోర్టుకి పోయి స్టే తెచ్చుకుంటారు."

ఆయన నన్నేమీ అడగలేదు. మీకు ఈ ఒక్క ముక్కా బాగా తెలియాలి. ఆయన అడగలేదు, బెదిరించలేదు, మాకు రావాల్సింది వచ్చేసింది. కానీ చూపు వేరుశెనగ బస్తా మీద ఆగింది. నేను చూశాను. నా చెయ్యి దానంతట అది లేచింది.

"మా రాయదుర్గం డబ్బాల వాళ్లు కోర్టుకి వెళ్లరు సార్. ఖాళీ చెయ్యడానికి ఒప్పుకుంటారు. వాళ్ల సంతకాలు మా దగ్గరే ఉన్నాయి."

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "రాసి ఇవ్వగలరా?"

"సాయంత్రంలోగా ఇస్తానండి."

మా నాన్న కొసరు తన బస్తాలోంచి వేసేవాడు. నేను పక్కకొట్టువాళ్ల బస్తాలోంచి వేశాను.

ఎందుకు అలా అన్నాను? ఆయన రేపు ఇంకో పనికి ఉపయోగపడతాడనా? అది ఒక కారణం, నిజమే. కానీ అంతకన్నా నీచమైనది ఇంకొకటి ఉంది. అంత తేలిగ్గా గెలవడం నాకు నచ్చలేదు. బేరం ఆడకుండానే సరుకు చేతిలో పడితే, బేరగాళ్లకి ఏదో దొంగిలించినట్టు ఉంటుంది. నా నేర్పు ఎవరికైనా కనపడాలి. ఒక మనిషి కళ్లజోడు సర్దుకుని నన్ను మళ్లీ చూడాలి. చూశాడు. దాని కోసం.

ఆఫీసుకి వచ్చి కొత్త మొదటి పేజీ టైపు చేశాను. కింద సంతకాలు చేసిన చిరువర్తకులం, ప్రజల సౌకర్యం దృష్ట్యా, ప్రస్తుత స్థలాలను స్వచ్ఛందంగా ఖాళీ చేయుటకు సమ్మతిస్తున్నాము. స్వచ్ఛందంగా అన్న మాట రాసేటప్పుడు కాసేపు ఆగాను. అది తప్పని కాదు. ఇంకా బరువైన మాట ఏదైనా ఉందేమోనని. పాత అర్జీ నుంచి పిన్ను ఊడదీశాను. గోళ్లతో, కాగితం చిరక్కుండా. ఆ మూడు సంతకాల కాగితాలూ కొత్త పేజీ కింద పెట్టి, పాత చిల్లుల్లోనే కొత్త పిన్ను పడేలా కొట్టాను. రెండు జతల చిల్లులు ఉంటే అనుమానం వస్తుంది. అంత శ్రద్ధగా నేను ఇంట్లో ఏ పనీ చెయ్యలేదు.

పది రోజులకి లారీ, క్రేను వచ్చాయి. పొద్దున పదిన్నర. నాలుగో అంతస్తు అద్దంలోంచి చూశాను. మల్లేశాన్ని ఇద్దరు మనుషులు ప్లాస్టిక్ కుర్చీతో సహా ఎత్తి ఫుట్‌పాత్ మీద పెట్టారు. నీలం డబ్బా గాల్లోకి లేచింది. కింద తలుపు ఊడి, బిస్కెట్ డబ్బాలు రోడ్డు మీద పడ్డాయి. అంజమ్మ అరుస్తూ ఉంది, పైకి వినపడలేదు. మల్లేశం అరవలేదు. కుర్చీలో కూర్చుని పైకి చూస్తున్నాడు. డబ్బా వైపే, నా వైపు కాదు. నేను మాత్రం అద్దం నుంచి వెనక్కి జరిగాను.

మధ్యాహ్నం కింద గేటు దగ్గరికి రమ్మని సెక్యూరిటీ ఫోన్ చేశాడు. వెళ్లాను. పదిహేను, ఇరవై మంది డబ్బాల వాళ్లు. ముందు సత్తయ్య. అతని డబ్బా అంజమ్మ డబ్బా పక్కనే ఉండేది. ఆమెను వదినె అని పిలిచేవాడు, ఆమె అతనికి రోజూ మొదటి చాయ్ పోసేది. అతని చేతిలో ఒక జిరాక్స్ కాగితం. ఆ పక్కన, జనానికి ఒక అడుగు దూరంగా, అంజమ్మ.

ఏడేళ్లలో నేను మరిచిపోలేని మాటలు అవే. ఉన్నవి ఉన్నట్టు రాస్తాను.

"మీరొచ్చి చెప్పున్రి మేడం" అన్నాడు సత్తయ్య. "క్రేనోళ్లు గీ కాయితం మా మొఖాన కొట్టిండ్రు. మీరే ఒప్పుకుంటిరి, మల్ల లొల్లేంది అంటున్నరు."

"బిడ్డా, నువ్వు సదివి ఇనిపిచ్చినవ్ గదా" అంది అంజమ్మ. "డబ్బాలు ఈడనే ఉంటయన్నవ్ గదా. జర వీళ్లకు చెప్పు. నేను పైసలు తిన్ననంటున్నరు."

"తినకుంట గిట్లెట్లయితది వదినె? ముందుగాల నీ సంతకమే ఉన్నది. గింత పెద్దగ. మాతోని పెట్టిచ్చింది నువ్వే. మేం సదువురానోళ్లమని..."

"నాకు మాత్రం సదువొచ్చునా సత్తయ్యా?"

"నీకు రాకపోతె నీకు పైసలిచ్చినోళ్లకు వచ్చు."

అందరూ నా వైపు చూశారు. ఒక్క మాట చాలు. ఆ కాగితం నేను మార్చాను. ఐదు పదాలు కూడా లేవు. అవి చెబితే నా ఉద్యోగం పోతుంది, కేసు అవుతుంది, ఆ ఇరవై మంది అక్కడే నన్ను నిలదీస్తారు. ఇవన్నీ ఒక్క క్షణంలో తూచాను. త్రాసు ఎటు మొగ్గిందో మీకు చెప్పక్కర్లేదు. కానీ ఊరికే తెలియదని వచ్చేస్తే పోయేది. నేను ఇలా అన్నాను.

"నేను రాసింది ఒక్క అర్జీయే సత్తయ్యా. అందరికీ మంచి జరగాలనే రాశాను, అంజమ్మకి చదివి కూడా వినిపించాను. తర్వాత ఆ సంతకాల కాగితాలు మూడు రోజులు ఆమె దగ్గరే ఉన్నాయి. మధ్యలో ఎవరి చేతికి వెళ్లాయో నాకెలా తెలుస్తుంది?"

ఒక్క అర్జీ అన్నది తప్ప, మిగతా ప్రతి ముక్కా నిజం. మూడు రోజులు ఆమె దగ్గరే ఉన్నాయి. నాకెలా తెలుస్తుంది అన్నది ప్రశ్న, అబద్ధం కాదు. మా కొట్లో దీనికి పేరు లేదు గాని, రాయి లేని బియ్యంలో రాయి కలపడం కన్నా, మంచి బియ్యాన్నే చూపించి పక్కవాడి బియ్యం మీద అనుమానం పుట్టించడం పెద్ద విద్య. నేను పెద్ద విద్యే వాడాను.

అంజమ్మ నన్ను తిట్టలేదు. "గట్లంటవేంది బిడ్డా" అంది. కోపంగా కాదు. చిల్లర తక్కువ ఇచ్చినవాళ్లని మళ్లీ లెక్కపెట్టమన్నట్టు. నేను మళ్లీ లెక్కపెట్టలేదు. లిఫ్టు దగ్గరికి నడిచాను.

ఆ తర్వాత కొన్నాళ్లకి పుప్పాలగూడ వైపు ఒక గల్లీలో పదిహేను చోట్లు ఇస్తామని, ఎవరెవరికో మీలో మీరే తేల్చుకుని పేర్లు రాసి తెమ్మని డబ్బాల వాళ్లకి చెప్పారు. వాళ్లు కూర్చుని రాసుకున్నారు. అంజమ్మ పేరు రాయలేదు. లేవలేని మొగుడున్న మనిషి పేరు మొదట రాయాల్సింది. రాయలేదు. నాకు ఈ సంగతి అప్పుడే తెలిసింది. తెలిసి, ఆ వారం మా సంఘం వార్షిక సమావేశంలో పైపు బొమ్మ చెక్కిన ఒక చెక్క పలక అందుకున్నాను. జీతం పెరిగింది.

రెండేళ్లు తిరక్కుండా మా సభ్యులు తూచి అమ్మే కౌంటర్లు ఎత్తేశారు. ఏ రూలూ ఎత్తేయించలేదు. కొనేవాళ్లు లేక. పై పదవుల బాబులకి పైపు మీద మోజు తీరిపోయింది. ఆ గాజు జాడీలు ఉన్న చోట ఇప్పుడు ఎవరో ఐస్‌క్రీం అమ్ముతున్నారు. నేను కూడా ఆ ఉద్యోగం మానేశాను. మనసు ఒప్పక మానేశానని రాద్దామనుకున్నాను. కాదు, వేరేచోట ఎక్కువ ఇస్తామన్నారు.

కిందటి నెల పుప్పాలగూడ వెళ్లాను. అటు పనుండి వెళ్లాననబోయాను, అదీ కాదు, కావాలనే వెళ్లాను. సత్తయ్య బంకు దొరికింది. నన్ను గుర్తుపట్టాడు. స్టూలు తుడిచి వేశాడు. చాయ్ పోశాడు. జుట్టు నెరిసింది గాని బాగానే ఉన్నాడు.

అంజమ్మ ఎక్కడుందని అడిగాను.

"గామె పేరెత్తకున్రి మేడం. మా నోట్ల మన్ను కొట్టింది. మీ తప్పేమున్నది, మీరు మంచికే చేస్తిరి." చాయ్ గిన్నె కిందికి మంట తగ్గించాడు. "తెల్లాపూర్ దిక్కు ఎక్కడ్నో అపార్ట్‌మెంట్లల్ల ఊడుస్తదట. మల్లేశం పోయి రెండేండ్లాయె. పొద్దున తాళం ఏసి పోతే మాపటికి వచ్చి తీసేదట. ఒక్కడే అర్రల పడి ఉండెటోడు."

"వెళ్లారా? చనిపోయినప్పుడు?"

"ఎవ్వరం పోలే."

ఇంకెవరికో సిగరెట్టు ఇచ్చి, చిల్లర లెక్కపెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు. "మా అమ్మ సచ్చినప్పుడు పది దినాలు గామెనే వండి తెచ్చింది. అయినా పోలే."

అక్కడ చెప్పాలి. అంతకన్నా మంచి అదను ఏ బేరానికీ దొరకదు. ఆ మనిషి గొంతులోనే ఒక సందు ఉంది, నేను మాట వేస్తే చాలు. నోరు తెరిచాను. తెరిచి, ఇప్పుడు చెబితే ఇతను ఏం చేస్తాడు, ఆమె కాళ్ల మీద పడతాడా, నా మీద పడతాడా, ఫోన్‌లో వీడియో తీస్తాడా, అని మళ్లీ తూకం మొదలుపెట్టాను. చెయ్యి దానంతట అది లేస్తుందని చెప్పానే. ఇవ్వడానికి లేస్తుంది, అప్పు తీర్చడానికి లేవదు.

"చక్కెర కొంచెం ఎక్కువైంది సత్తయ్యా" అన్నాను. అని వచ్చేశాను.

అందుకే మీకు చెబుతున్నాను. మొదట్లో దాచిన జవాబు ఇదే. మీకు చెప్పడం చవక. మీరు నన్ను చూడరు, అంజమ్మని చూడరు, గేటు దగ్గర నిలబడి నా మొఖాన కాగితం కొట్టరు. చదివి, ఛీ అనుకుని, పేజీ తిప్పుతారు. అంతవరకు నేను భరించగలను.

ఇక లెక్క. ఇందులో మాత్రం గీసులాడను. ఆ అధికారికి దక్కింది ఖాళీ అయిన ఒక గోడవార. ఇప్పుడు అక్కడ కార్లు ఆపుతున్నారు. సంఘానికి దక్కింది రెండేళ్లయినా నిలవని కౌంటర్లు. నాకు ఒక చెక్క పలక, కొంచెం జీతం. అవతలి వైపు, ముప్ఫై ఎనిమిది డబ్బాలు. అవి సరే, రూలు అనేది ఒకరోజు వాటిని ఎలాగూ ఎత్తించేదేమో. నేను రాసివ్వకపోయినా ఎత్తేవాళ్లేమో. ఆ మాట చెప్పుకుని సగం లెక్క కొట్టేయాలని ఎన్నోసార్లు చూశాను. కొట్టేసినా మిగిలేది మిగులుతుంది. తాళం వేసిన గదిలో ఐదేళ్లు ఒక్కడే పడుకున్న మనిషి. అతని శవం వెనక నడవాల్సినవాళ్లు ఎవరూ నడవకపోవడం. తన మనుషుల నోళ్లలో ఒక ఆడమనిషి దొంగ అయిపోవడం. దీన్ని ఏ అధికారీ అడగలేదు, ఏ సంఘమూ అడగలేదు. ఇది నేను గేటు దగ్గర, నా నోటితో, ఒక్కదాన్నే చేసింది.

కాబట్టి రాస్తున్నాను. అంజమ్మ ఎవరి దగ్గరా ఒక్క పైసా తీసుకోలేదు. ఆ కాగితం మార్చింది నేను.

ఈ రెండు ముక్కలకి ఏడేళ్లు పట్టింది. రాశాక, అబద్ధం ఎందుకు, ఒళ్లు తేలికపడింది. కానీ ఆమె అసలు పేరు అంజమ్మ కాదు. నన్నెవరూ పట్టుకోకుండా దాన్ని కూడా మార్చాను, ఆమె సొంతూరి పేరూ మార్చాను. అంటే నేను ఇప్పుడు కడిగింది లేని మనిషి పేరు. ఉన్న మనిషి ఈ పొద్దుట కూడా తెల్లాపూర్‌లో ఎవరివో మెట్లు ఊడుస్తూ ఉంటుంది, దొంగగానే. తేలికపడింది నాకు. ఆమెకి ఏమీ ముట్టలేదు.